యూనిట్ - 11 : కదిలే కారును ఫొటో తీయడం - ప్యానింగ్ పద్ధతి

విషయక్రమం
11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 ప్యానింగ్ అంటే ఏమిటి?
11.3 షట్టర్ వేగం - లాభనష్టాల లెక్క
11.4 ఎక్కడ నిలబడాలి?
11.5 కెమెరాను సిద్ధం చేసుకోవడం
11.6 శరీరాన్ని తిప్పే తీరు
11.7 ఫొటోను పరీక్షించి దోషాన్ని గుర్తించడం
11.8 రోడ్డు పక్కన జాగ్రత్తలు
11.9 సారాంశం
11.10 అభ్యాసం, మాదిరి పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- ప్యానింగ్‌లో కారు స్పష్టంగా, నేపథ్యం చారలుగా ఎందుకు వస్తాయో వివరించగలుగుతారు.
- కారు వేగం, దూరం, లెన్సులను బట్టి షట్టర్ వేగాన్ని లెక్కించి ఎంచుకోగలుగుతారు.
- చెడిపోయిన ఫొటోను చూసి, అది ఎందుకు చెడిపోయిందో చెప్పగలుగుతారు.
- రోడ్డు పక్కన ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో నిర్ణయించుకోగలుగుతారు.

11.1 పరిచయం

షట్టర్ వేగం, ఎపర్చర్, ఐఎస్ఓ - ఈ మూడింటి సంబంధాన్ని గత యూనిట్లలో తెలుసుకున్నారు. ఆ జ్ఞానంతో మీరు హైవే పక్కన నిలబడి, గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారును 1/1000 సెకను షట్టర్ వేగంతో ఫొటో తీశారనుకుందాం. కారు దాదాపు స్పష్టంగానే వస్తుంది. అయితే ఫొటో చూసినవారు, "ఈ కారును రోడ్డు మధ్యలో ఎందుకు ఆపారు?" అని అడుగుతారు.

వారు అడిగినదాంట్లో తప్పు లేదు. 72 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 20 మీటర్లు. 1/1000 సెకనులో కారు 2 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. టైరు వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు అనుకుంటే, అంతసేపట్లో చక్రం తిరిగేది 4 డిగ్రీలే. చక్రం ఆగిపోయినట్లు, చెట్లు నిలిచిపోయినట్లు కనిపిస్తాయి. ఫొటోలో కారు ఉంది, వేగం లేదు. వేగాన్ని చూపాలంటే షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. కెమెరాను కదపకుండా అలా చేస్తే కారే చెదిరిపోతుంది. ఈ చిక్కుకు పరిష్కారమే ప్యానింగ్.

11.2 ప్యానింగ్ అంటే ఏమిటి?

షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను కారుతో పాటు తిప్పుతూ ఫొటో తీయడాన్ని ప్యానింగ్ అంటారు. సెన్సార్ మీద కారు బింబం ఒకే చోట నిలిచి ఉంటే కారు స్పష్టంగా నమోదవుతుంది. కదలని చెట్లు, దుకాణాలు, స్తంభాలు సెన్సార్ మీద జరిగిపోతూ అడ్డంగా చారలు గీస్తాయి. కెమెరాకు సంబంధించినంతవరకు ఇక్కడ కారు ఆగి ఉంది, లోకం పరుగెడుతోంది. పరుగెత్తే రైలు కిటికీలోంచి చూస్తే ఎదుటి ప్రయాణికుడు స్థిరంగా కనిపించి, బయటి తుప్పలు గీతలైపోవడం మీరు ఎరిగినదే. సూత్రం అదే.

ఇక్కడ సరిపోల్చవలసినది కారు సరళ వేగాన్ని కాదు, కోణీయ వేగాన్ని. అంటే మీరు నిలబడిన చోటు నుంచి చూస్తే కారు దిశ సెకనుకు ఎంత కోణం మారుతోందన్నది ముఖ్యం. కారు సరిగ్గా మీ ఎదుటికి వచ్చినప్పుడు

కోణీయ వేగం = కారు వేగం ÷ రోడ్డుకు మీకు మధ్య దూరం

సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే కారుకు మీరు 20 మీటర్ల దూరంలో ఉంటే కోణీయ వేగం సెకనుకు 1 రేడియన్, అంటే సుమారు 57 డిగ్రీలు. మీ నడుము కూడా ఆ క్షణంలో సరిగ్గా అదే వేగంతో తిరుగుతూ ఉండాలి. ఫొటో నాణ్యతను నిర్ణయించేది ప్రధానంగా ఈ పొంతనే. కెమెరా ధర ఆ తరువాతి సంగతి.

11.3 షట్టర్ వేగం - లాభనష్టాల లెక్క

నేపథ్యం సెన్సార్ మీద గీసే చార పొడవును ఇలా లెక్కిస్తాం:

చార పొడవు = లెన్సు నాభ్యంతరం × కోణీయ వేగం × షట్టర్ తెరిచి ఉన్న సమయం

కెమెరా ఉన్నచోటనే ఉండి తిరుగుతున్నంతవరకు ఈ చార పొడవు వస్తువు దూరాన్ని బట్టి మారదు. ఫ్రేము మధ్య భాగంలో దగ్గరి కంచె, దూరపు కొండ ఒకే పొడవున చెదురుతాయి.

50 మిల్లీమీటర్ల లెన్సు, పైన చెప్పిన కారు, 1/50 సెకను షట్టర్ వేగం తీసుకుందాం. 50 × 1 × 1/50 = 1 మిల్లీమీటరు. మధ్యతరహా కెమెరాల సెన్సార్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు కాబట్టి, 1 మిల్లీమీటరు చార కంటికి బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇలాంటి సెన్సార్ మీద సుమారు 0.02 మిల్లీమీటర్ల లోపు చెదిరితే కంటికి స్పష్టంగానే తోస్తుందని సాధారణంగా లెక్కిస్తారు. నేపథ్యం 1 మిల్లీమీటరు జరుగుతుండగా కారు 0.02 మిల్లీమీటర్లకు మించి జరగకూడదు. అంటే మీరు తిరిగే వేగానికి, కారు కోణీయ వేగానికి మధ్య తేడా 2 శాతం మించకూడదు. వివిధ షట్టర్ వేగాల వద్ద ఈ లెక్క ఇలా ఉంటుంది:

- 1/1000 సెకను: చార 0.05 మి.మీ.; అనుమతించదగిన తేడా 40 శాతం
- 1/250 సెకను: చార 0.2 మి.మీ.; తేడా 10 శాతం
- 1/125 సెకను: చార 0.4 మి.మీ.; తేడా 5 శాతం
- 1/50 సెకను: చార 1 మి.మీ.; తేడా 2 శాతం
- 1/25 సెకను: చార 2 మి.మీ.; తేడా 1 శాతం

ఈ పట్టికను జాగ్రత్తగా గమనించండి. చార ఎంత పెరిగితే మీకు మిగిలే వెసులుబాటు అంత తగ్గుతోంది. వేగాన్ని చూపించే గుణం, ఫొటో చెడిపోయే ప్రమాదం వేర్వేరు కాదు. రెండూ ఒకే సంఖ్య నుంచి పుడుతున్నాయి. ఏ సెట్టింగు పెడితే ప్రతి ఫొటో బాగా వస్తుందని వెతకడం వృథా ప్రయాస. వెసులుబాటు ఎక్కువ ఉన్నచోట మొదలుపెట్టి, చేయి కుదిరిన కొద్దీ కిందికి దిగడమే మార్గం. 1/125 వద్ద పది ఫొటోల్లో ఐదు కుదిరితే 1/60కి రండి. అక్కడా కుదిరితే 1/30కి దిగండి. 1/30 వద్ద ఇరవైలో రెండు మూడు బాగా వచ్చినా నిరాశపడనక్కరలేదు. మీరు అక్కడ 1 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉన్న పొంతనను చేతితో సాధించారన్నమాట.

చక్రాల విషయం కూడా చూడండి. 1/50 సెకనులో చక్రం సుమారు అయిదోవంతు చుట్టు తిరుగుతుంది. కారు ఒళ్లు స్పష్టంగా ఉండి, చక్రాల కమ్మీలు కలిసిపోయి పళ్లెంలా కనిపిస్తాయి. చూసేవారికి వేగాన్ని నమ్మించేది చాలావరకు ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఆటో వెళుతోంది. మీరు 10 మీటర్ల దూరంలో ఉన్నారు. 50 మి.మీ. లెన్సు, 1/50 సెకను షట్టర్ వేగం అయితే నేపథ్యపు చార పొడవు ఎంత?
జవాబు: 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. కోణీయ వేగం 10 ÷ 10 = 1 రేడియన్. చార 1 మి.మీ. వేగం సగమైనా దూరం కూడా సగమైంది కాబట్టి ఫలితం హైవే మీది కారుతో సమానం. సాధనకు హైవేనే అవసరం లేదని దీనివల్ల తెలుస్తుంది.

11.4 ఎక్కడ నిలబడాలి?

దూరం: చాలామంది విద్యార్థులు కారుకు వీలైనంత దగ్గరగా నిలబడతారు. అలా తీస్తే కారు తలుపు దగ్గర స్పష్టంగా ఉండి, ముందు బంపరు, వెనుక డిక్కీ చెదిరిపోతాయి. కారణం ఇది: 4 మీటర్ల కారు మధ్య భాగం మీ ఎదుట ఉన్నప్పుడు దాని రెండు చివరలు 2 మీటర్ల చొప్పున పక్కకు ఉంటాయి. ఆ చివరల కోణీయ వేగం మధ్య భాగం కంటే తక్కువ. 10 మీటర్ల దూరం నుంచి ఈ తేడా సుమారు 4 శాతం; 20 మీటర్ల నుంచి 1 శాతం మాత్రమే. 10 మీటర్ల నుంచి 25 మి.మీ. లెన్సుతో తీసినా, 20 మీటర్ల నుంచి 50 మి.మీ. లెన్సుతో తీసినా కారు ఒకే సైజులో వస్తుంది. 1/50 సెకను వద్ద చార కూడా రెండింటిలోనూ 1 మి.మీ. ఉంటుంది. కాని మొదటి దాంట్లో కారు చివరలు 0.04 మి.మీ., రెండో దాంట్లో 0.01 మి.మీ. మాత్రమే చెదురుతాయి. కాబట్టి రెండడుగులు వెనక్కి వేసి జూమ్ చేయడం కాదు, పది మీటర్లు వెనక్కి నడిచి జూమ్ చేయండి. అయితే జూమ్ పెరిగిన కొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

కోణం: కారు మీ ఎదుటికి రావడానికి ముందు, 45 డిగ్రీల పక్కన ఉన్నప్పుడు దాని కోణీయ వేగం ఎదుట ఉన్నప్పటి వేగంలో సగమే. అక్కడి నుంచి పెరుగుతూ వచ్చి, ఎదుట గరిష్ఠమై, మళ్లీ తగ్గుతుంది. ఎదుటి స్థానానికి ఇరువైపులా 10 డిగ్రీల లోపు మార్పు 3 శాతమే. అక్కడ మీ నడుము ఒకే వేగంతో తిరిగితే చాలు. మన ఉదాహరణలో ఆ అవకాశం సుమారు సెకనులో మూడోవంతు ఉంటుంది. షట్టర్ నొక్కవలసింది ఆ కొద్దిసేపట్లోనే.

వంపు: మలుపుకు లోపలి వైపు, వంపు కేంద్రానికి దగ్గరగా నిలబడితే కారు దూరం మారదు; కోణీయ వేగం దాదాపు స్థిరంగా ఉంటుంది. పొంతన కుదర్చడం చాలా సులభమవుతుంది.

నేపథ్యం: ఖాళీ ఆకాశం, సున్నం వేసిన గోడ ఎంత జరిగినా చారలు గీయవు. ఆకుల సందుల్లోని వెలుగులు, దుకాణాల బోర్డులు, రంగురంగుల గోడరాతలు మంచి చారలిస్తాయి. కారు రంగుకు భిన్నమైన నేపథ్యాన్ని ముందే చూసి పెట్టుకోండి.

11.5 కెమెరాను సిద్ధం చేసుకోవడం

(అ) షట్టర్ ప్రాధాన్య పద్ధతిని ఎంచుకోండి. కెమెరా డయల్ మీద అది 'ఎస్' అని గాని, 'టీవీ' అని గాని ఉంటుంది.

(ఆ) ఐఎస్ఓను 100కు తగ్గించండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ 100 వద్ద 1/100 సెకనుకు ఎపర్చర్ ఎఫ్/16 అవసరమవుతుంది. 1/50కి ఎఫ్/22, 1/25కి ఎఫ్/32 కావాలి. చాలా లెన్సులు అంతవరకు మూసుకోవు. అందుకే ప్యానింగ్‌కు ఉదయం, సాయంత్రం అనువైనవి. ఎండలోనే తీయవలసివస్తే కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు వాడాలి. ఎన్‌డీ8 ఫిల్టరు కాంతిని ఎనిమిదో వంతుకు, అంటే మూడు స్టాపులు తగ్గిస్తుంది.

(ఇ) వస్తువును వెంబడించే నిరంతర ఫోకస్ పద్ధతిని పెట్టండి. ఆ సౌకర్యం సరిగా పనిచేయకపోతే, కారు వచ్చే చోట రోడ్డు మీది ఒక గుర్తుకు ముందే ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి ఉంచండి.

(ఈ) లెన్సులో వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉంటే దాని సూచనల పత్రం చదవండి. మామూలు పద్ధతిలో అది మీ ప్యానింగ్‌ను కూడా వణుకుగా భావించి ఎదురు తిరగవచ్చు. కానన్ లెన్సుల మీద 1, 2 అనే మీట ఉంటే 2వ స్థానం ప్యానింగ్‌కు ఉద్దేశించినది. అది నిలువు వణుకును మాత్రమే సరిచేస్తుంది.

(ఉ) మొబైల్ ఫోన్ మాత్రమే ఉన్నవారు ప్రో మోడ్‌లో 1/30 నుంచి 1/60 వరకు ప్రయత్నించవచ్చు. సాధారణంగా ఫోన్ లెన్సుకు ఎపర్చర్ మార్చుకునే వీలుండదు; కాబట్టి సూర్యుడు దిగిన తరువాతే మంచి ఫలితం వస్తుంది.

ఫోన్‌తో తీసేటప్పుడు స్తంభాలు ఒక పక్కకు వాలినట్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఫోన్ సెన్సార్ దృశ్యాన్ని ఒక్కసారిగా కాక వరస తరువాత వరసగా నమోదు చేస్తుంది. ఈ లోగా మీరు ఫోన్‌ను తిప్పుతుంటారు. ఈ ప్రభావం కొత్తది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ ఆన్రి లార్తిగ్ 1910ల తొలినాళ్లలో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెంలో తీసిన ఫొటో ఎంతో ప్రసిద్ధం. అందులో కారు చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలి ఉంటుంది. రోడ్డు పక్కన జనం, స్తంభాలు వెనక్కి వాలి ఉంటాయి. ఆయన కెమెరా షట్టర్‌లోని సన్నని చీలిక ఫలకం మీదుగా కదులుతూ దృశ్యం కింది భాగాన్ని ముందు, పై భాగాన్ని తరువాత నమోదు చేసింది. ఆ కొద్ది సమయంలో కారు ముందుకు జరిగింది కాబట్టి చక్రం ముందుకు వాలింది. కెమెరా కూడా తిరిగింది కాబట్టి స్తంభాలు వెనక్కి వాలాయి. ఆయన కెమెరాను కారు వెంట తిప్పారని, అయితే కారు అంత వేగంగా తిప్పలేదని ఆ రెండు వాలుల నుంచి మనం చదవవచ్చు.

11.6 శరీరాన్ని తిప్పే తీరు

1. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మీరు షట్టర్ నొక్కదలచిన దిశకు ఎదురుగా నిలబడండి. కారు వచ్చే వైపు నిలబడితే నొక్కే సమయానికి నడుము మెలిపడి కెమెరా కిందికి జారుతుంది.

2. పాదాలు కదపకుండా నడుమును కారు వచ్చే వైపు తిప్పండి. మోచేతులను పక్కటెముకలకు ఆనించండి. తిరగవలసింది నడుము, చేతులు కావు.

3. కారు దూరంలో ఉండగానే ఫ్రేములోకి తీసుకోండి. తలుపు పిడి లేదా డ్రైవరు కిటికీ అంచు వంటి ఒక గుర్తును ఎంచుకుని, ఫ్రేములోని ఫోకస్ బిందువును దాని మీదే నిలపండి. 'కారును చూస్తున్నాను' అనుకుంటే చాలదు. చూపు ఒక్క బిందువు మీద ఉండాలి. కారుకు ముందు వైపు కొంత ఖాళీ ఉంచండి.

4. కారు ఎదుటికి రాబోతుండగా షట్టర్‌ను మెత్తగా నొక్కండి. వరుసగా మూడు నాలుగు ఫొటోలు తీయండి.

5. నొక్కిన తరువాత కూడా తిరుగుతూనే ఉండండి. బంతి వదిలిన బౌలరు చేయి అక్కడే ఆగిపోదు కదా! ఆపాలన్న ఆలోచన వస్తే చాలు, నొక్కే క్షణానికే నడుము నెమ్మదిస్తుంది. 2 శాతం వెసులుబాటు పోవడానికి అది చాలు. అద్దం ఉన్న కెమెరాల్లో షట్టర్ తెరిచినప్పుడు కంటికి ఏమీ కనిపించదు. ఆ చీకటిలో కూడా అదే వేగంతో తిరగాలి.

11.7 ఫొటోను పరీక్షించి దోషాన్ని గుర్తించడం

పోయిన ఫొటోలను వెంటనే తొలగించకండి. నేర్పేవి అవే. ఫొటోను పెద్దది చేసి కారు మీద ఎక్కడైనా మెరుస్తున్న ఒక చుక్కను వెతకండి: హెడ్‌లైటు మీది ఎండ మెరుపు, క్రోమ్ అంచు వంటిది. షట్టర్ తెరిచి ఉన్న సమయంలో మీ చేయి ఎలా కదిలిందో ఆ చుక్క గీసి చూపుతుంది.

- చుక్క చుక్కగానే ఉంటే పొంతన కుదిరింది.
- అడ్డగీతగా సాగితే వేగం కుదరలేదు. వరుస ఫొటోలు చూడండి. ఒక ఫొటో నుంచి తరువాతి ఫొటోకు కారు ఫ్రేములో ముందుకు జరుగుతుంటే మీరు వెనకబడుతున్నారు. వెనక్కి జరుగుతుంటే తొందరపడుతున్నారు.
- ఏటవాలుగానో, అలలాగానో ఉంటే కెమెరా పైకీ కిందికీ ఊగింది. బొత్తాన్ని గట్టిగా నొక్కడం దీనికి తరచు కనిపించే కారణం. మోనోపాడ్ సాయపడుతుంది.
- కారు మధ్యలో చుక్కగా, చివరల్లో గీతగా ఉంటే మీరు మరీ దగ్గరగా నిలబడ్డారు.
- గీత కాక గుండ్రని మసకగా పరుచుకుంటే అది ప్యానింగ్ దోషం కాదు, ఫోకస్ దోషం.
- కారు చక్కగా ఉండి చక్రాలు ఆగినట్లుంటే షట్టర్ వేగం మరీ ఎక్కువ.

11.8 రోడ్డు పక్కన జాగ్రత్తలు

కన్ను ఫ్రేములో ఉన్నప్పుడు మీకు రోడ్డు కనిపించదు. ఇది ఈ సాధనలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. వీలైతే ఒక స్నేహితుణ్ణి వెంట తీసుకువెళ్లి, మీ వెనక వైపు చూస్తూ ఉండమనండి. డివైడరు మీద, రోడ్డు అంచున నిలబడకండి. ఫుట్‌పాత్, క్రాష్ బారియర్ లేదా గట్టి గోడ వెనక ఉండండి. మలుపుకు బయటి వైపు ఎన్నడూ నిలబడవద్దు. అదుపు తప్పిన వాహనం వంపు తిరగలేక నేరుగా బయటికే దూసుకువస్తుంది. మలుపు లోపలి వైపు ప్యానింగ్‌కు అనువు అని పైన చెప్పుకున్నాం. భద్రతకు కూడా అదే కొంత మేలు. రాత్రి ఫ్లాష్ వాడకండి. డ్రైవరు కళ్లు చెదురుతాయి.

పందేల దగ్గర ప్రేక్షకులకు, కార్లకు మధ్య ఇనుప కంచె ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ వంటి వీధి పందేల్లో ఇది తప్పదు. కంచెను చూసి కెమెరా మూసేయనక్కరలేదు. అది కూడా కదలని వస్తువే కదా! నెమ్మదైన షట్టర్ వేగంతో ప్యాన్ చేస్తే కంచె తీగలు కూడా చెదిరి పలచబడతాయి. వాటి వెనక కారు కనిపిస్తుంది. ఫోకస్ మాత్రం కంచె మీద పడకుండా చూసుకోవాలి.

11.9 సారాంశం

ప్యానింగ్ అంటే షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను కారు కోణీయ వేగంతో తిప్పడం. షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే నేపథ్యపు చార పెరుగుతుంది. అదే నిష్పత్తిలో వెసులుబాటు తగ్గుతుంది. దూరం నుంచి, రోడ్డుకు లంబంగా, లేదా మలుపు లోపలి నుంచి తీస్తే పొంతన సులభం. పాదాలు నొక్కే దిశకు ఉండాలి, నడుము తిరగాలి, నొక్కిన తరువాత కూడా కదలిక కొనసాగాలి. మెరిసే చుక్క ఆకారాన్ని బట్టి దోషాన్ని గుర్తించి, ఒకసారికి ఒక్కదాన్నే సరిదిద్దుకోవాలి.

11.10 అభ్యాసం, మాదిరి పరీక్ష ప్రశ్నలు

అభ్యాసం: ఒకే చోట నిలబడి 1/125, 1/60, 1/30 సెకన్ల వద్ద ఇరవై చొప్పున ఫొటోలు తీయండి. మెరుపు చుక్క ఆధారంగా ఒక్కొక్క దాన్ని 'కుదిరింది', 'వేగం తప్పింది', 'ఊగింది', 'ఫోకస్ తప్పింది' అని నాలుగు వర్గాలుగా విడదీసి పట్టిక రాయండి. వారం తరువాత అదే చోట మళ్లీ చేసి రెండు పట్టికలను పోల్చండి.

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. షట్టర్ వేగానికి, నేపథ్యపు చారకు, అనుమతించదగిన తేడాకు గల సంబంధాన్ని ఉదాహరణతో వివరించండి.
2. కారుకు దగ్గరగా నిలబడితే దాని చివరలు ఎందుకు చెదురుతాయి? నివారణ మార్గాన్ని లెక్కతో చూపండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. షట్టర్ నొక్కిన తరువాత కూడా కెమెరాను ఎందుకు తిప్పుతూ ఉండాలి?
2. లార్తిగ్ ఫొటోలో చక్రం ముందుకు, స్తంభాలు వెనక్కి వాలడానికి కారణాలు తెలపండి.
3. మలుపు లోపలి వైపు నిలబడటం వల్ల కలిగే రెండు ప్రయోజనాలు ఏమిటి?